వ్యాకరణంలో మిగిలిన మనుషులు: టాంగ్కిక్ భాషల పుస్తకాలను విమర్శకుడిగా చదవడం

విమర్శకు సంబంధించిన ఈ భాగంలో వ్యాకరణ గ్రంథం మీద పాఠం ఏమిటని మీలో కొందరికి అనిపించవచ్చు. వ్యాకరణం అనగానే మనకు చిన్నయసూరి, సంధులు, సమాసాలు, పరీక్షలో వాటికొచ్చే నాలుగు మార్కులు గుర్తుకొస్తాయి. కాని ప్రపంచంలో కొన్ని భాషలకు వ్యాకరణ గ్రంథమే ఉన్న పెద్ద పుస్తకం. ఆ భాషలో నవల లేదు, దినపత్రిక లేదు, శాసనం లేదు. దాన్ని మాట్లాడినవారు ఏమన్నారో, ఎలా అన్నారో తెలుసుకోవాలంటే ఎవరో ఒక పరిశోధకుడు వారి పక్కన కూర్చుని రాసుకున్నదే మనకు దిక్కు. అటువంటి పుస్తకంలోంచి పనికొచ్చే నాలుగు ఉదాహరణలు ఏరుకుని అట్ట మూసేస్తే అది చదవడం అనిపించుకోదు. ఎవరి మాట విని రాశారు, ఏది రాశారు, ఏది వదిలేశారు, చదివేవాడికి ఎదురు చెప్పే అవకాశం ఎంత మిగిల్చారు అన్న ప్రశ్నలు అక్కడ కూడా వేయాలి.

ఈ ప్రశ్నలకు ఆస్ట్రేలియా ఆదివాసుల టాంగ్కిక్ భాషలను ఉదాహరణగా తీసుకుంటున్నాను. ఈ కుటుంబం చాలా చిన్నది. ముఖ్యంగా చెప్పుకునే భాషలు నాలుగే. అయినా ప్రపంచంలోని భాషాశాస్త్ర పాఠ్యపుస్తకాల్లో ఈ నాలుగింటిలో రెండు తరచూ కనిపిస్తాయి. ఇంత కీర్తి ఉన్న భాషలు మాట్లాడేవారు లేకుండా ఎలా పోయాయి, ఆ కీర్తి దేనివల్ల వచ్చింది అన్నదే మన విచారణ.

ముందు చోటు. ఆస్ట్రేలియా ఉత్తరాన కార్పెంటారియా సింధుశాఖ ఉంది. దాని దక్షిణ భాగంలో, క్వీన్స్‌లాండ్ తీరానికి దగ్గరగా వెల్లెస్లీ దీవులున్నాయి. వీటిలో పెద్దదైన మార్నింగ్టన్ దీవి లర్డిల్ భాషది. బెంటింక్ దీవి కయార్డిల్డ్‌ది. ఈ రెండింటికీ పెద్దభూమికీ నడుమ ఉన్న ఫోర్‌సిత్ దీవులు యంగ్కాల్ భాషవి. ఎదురుగా పెద్దభూమి మీద, బర్క్‌టౌన్ వైపు, గంగ్గలిడ ఉంది. పుస్తకాల్లో దాన్నే యుకుల్త అని రాస్తారు. ఈ భాషల్లో మనిషిని ‘దంగ్క’ అంటారు. కుటుంబానికి టాంగ్కిక్ అన్న పేరు ఆ మాట నుంచే వచ్చింది. 1960ల్లో పండితులు దీన్ని పామా-న్యుంగన్ అనే మహాకుటుంబంలో ఒక శాఖగా చేర్చారు. తరవాతి పరిశోధన దీన్ని వేరు కుటుంబంగా నిలబెట్టింది.

దీవుల పేర్లు మీకు ఎక్కడో విన్నట్టే ఉంటాయి. మాథ్యూ ఫ్లిండర్స్ అనే ఆంగ్ల నావికుడు 1802లో ఈ జలాలను కొలిచి పటాలు గీశాడు. వెల్లెస్లీ, మార్నింగ్టన్ అన్న రెండు పేర్లూ ఒక మనిషివే. మార్నింగ్టన్ ప్రభువైన రిచర్డ్ వెల్లెస్లీ అప్పట్లో ఇండియా గవర్నర్ జనరల్. నిజాం 1800లో దత్తమండలాలను కుంపిణీకి ధారాదత్తం చేసింది ఆయన హయాంలోనే. బెంటింక్ 1803లో మద్రాసు గవర్నర్ అయ్యాడు. అంటే మన తీరాంధ్ర, రాయలసీమల మీద అధికారం చేసినవారి పేర్లే, వారు ఎన్నడూ అడుగుపెట్టని ఆ దీవుల మీద కూర్చున్నాయి. అక్కడి మనుషులకు ఆ దీవిలో ప్రతి మూలకూ, ప్రతి గుట్టకూ సొంత పేర్లున్నాయి. ఆ పేర్ల సంగతి చివర చెబుతాను.

1914లో మార్నింగ్టన్ దీవిలో ప్రెస్బిటేరియన్ మిషన్ పెట్టారు. బెంటింక్ దీవివారు మాత్రం మరో మూడు దశాబ్దాలకు పైగా తెల్లవారికి దూరంగానే ఉండిపోయారు. మధ్యలో, సుమారు 1918లో, మెకెంజీ అనే తెల్లవాడు ఆ దీవి మీద పడి మనుషులను కాల్చి చంపాడు. ఈ మారణకాండను బతికి ఉన్న పెద్దల నోటి మాటల నుంచి సేకరించిన వ్యాసం 1985లో అచ్చయింది. తరవాత 1940ల్లో అనావృష్టి వచ్చింది. 1948లో సముద్రం పొంగి మంచినీటి చోట్లు ఉప్పు పట్టిపోయాయి. మిగిలినవారినందరినీ మార్నింగ్టన్ మిషన్‌కు తరలించారు. పిల్లలను తల్లిదండ్రుల నుంచి వేరుచేసి వసతిగృహాల్లో ఉంచారు. ఆ తరలింపు తరవాత పుట్టినవారిలో కయార్డిల్డ్‌ను పూర్తిగా పట్టుకున్న తరం లేదు.

ఇక్కడ ఒక మాట మీద ఆగండి. ఇటువంటి భాషల గురించి రాసేటప్పుడు ‘అంతరించిపోయింది’, ‘మరణించింది’ అంటాం. ఈ క్రియలకు కర్త భాషే అవుతుంది. ముసలితనం వచ్చి పోయినట్టు అర్థమొస్తుంది. వసతిగృహం తలుపు వేసింది ఎవరో వాక్యంలోంచి తప్పుకుంటారు. మీరు ఎక్కడ ‘మృతభాష’ అన్న మాట చూసినా ఆ వాక్యాన్ని తిరగరాసి, కర్త స్థానంలో ఎవరుండాలో వెతకండి. వ్యాకరణం నేర్పే మొదటి విమర్శ పాఠం అదే.

ఇక పుస్తకాల దగ్గరకొద్దాం. అమెరికా భాషాశాస్త్రవేత్త కెన్ హేల్ 1960లో లర్డిల్ మీద పని మొదలుపెట్టారు. ఆ భాషలో ఆయన గమనించిన ఒక సంగతి మనకు సులభంగా అర్థమవుతుంది. తెలుగులో ‘ఇల్లు’ అన్న మాట మాత్రమే విన్నవాడికి ‘ఇంటికి’ అన్న రూపం ఊహకందదు. కన్ను-కంటి, రాయి-రాతి కూడా అంతే. వీటిని మనం ఔపవిభక్తికాలంటాం. లర్డిల్‌లో వింత మరో రకం. మాట ఒంటరిగా నిలిచినప్పుడు దాని తోక తెగిపోతుంది. ఇంద్రధనుస్సు ‘మయర్’. దాన్ని కర్మగా వాడి ‘న్’ చేర్చగానే ‘మయర్రన్’ అవుతుంది. మంట ‘యలుల్’, కర్మగా ‘యలులున్’. అంటే అసలు మాటలు మయర్ర, యలులు. పదాంతంలో అచ్చు రాలిపోతోంది. చెదపురుగుకు వాడే మాటలోనైతే అచ్చు రాలాక దాని ముందున్న హల్లు కూడా రాలుతుంది.

హేల్ 1973లో దీని గురించి వ్యాసం రాశారు. ఆయన అడిగిన ప్రశ్న లోతైనది: పిల్లవాడు పైకి వినపడే రూపాల నుంచి లోపలి రూపాలను ఎలా నిర్మించుకుంటాడు, తరం మారినప్పుడు ఆ నిర్మాణం ఎలా మారుతుంది? కాని ఆ వ్యాసం నుంచి పాఠ్యపుస్తకాల్లోకి దిగినవి ప్రశ్నలు కావు, మాటల పట్టికలు. 1979 నాటి ప్రసిద్ధ ధ్వనిశాస్త్ర పాఠ్యగ్రంథంలో లర్డిల్ ఉంది. 1993లో ఆప్టిమాలిటీ సిద్ధాంతాన్ని ప్రతిపాదించిన ప్రిన్స్, స్మోలెన్‌స్కీల గ్రంథంలో లర్డిల్‌కు పెద్ద చోటే దక్కింది. ఆ తరవాత ప్రతి కొత్త సిద్ధాంతమూ తన సత్తా చూపడానికి ఈ పట్టికనే తెచ్చుకుంటోంది. ఇంద్రధనుస్సు, మంట, చెదపురుగు, అడవిమామిడి. నేను ఎం.ఏ. తరగతుల్లో ఈ లెక్క చేయించినప్పుడు విద్యార్థులు సూత్రం గబగబా పట్టేసేవారు. ‘ఈ మాటలు ఎవరివి, ఆ ఊరెక్కడ?’ అని అడిగితే తరగతి నిశ్శబ్దమయ్యేది. వారిని తప్పు పట్టను. పట్టికలో ఆ వివరం ఉండదు.

ఇందులో అన్యాయం రెండు విధాలు. పట్టికలోని లర్డిల్ 1960ల నాటి పెద్దల భాష. ఆ తరవాత మార్నింగ్టన్ దీవిలో యువతరం మాట్లాడిన లర్డిల్‌లో విభక్తి ప్రత్యయాలు చాలావరకు జారిపోయాయి. మారే భాషను గురించి రాసిన వ్యాసం, పాఠ్యపుస్తకాల చేతిలో మారని పట్టికగా గడ్డకట్టింది. రెండోది మరీ ముఖ్యం. ముప్పై, నలభై మాటల పట్టికతో వాదించలేం. దాన్ని ఎవరు పొడుపుకథగా విప్పినా, అవే మాటలు, అవే జవాబులు. హేల్‌ను మాత్రం ఈ నేరంలో చేర్చకండి. ఆయన సేకరించిన సామగ్రి ఆ దీవివాసులకు తిరిగి చేరింది. మార్నింగ్టన్ పాలకమండలి భాషా ప్రాజెక్టు 1997లో ప్రచురించిన లర్డిల్ నిఘంటువుకు అది ఆధారమయింది. ఆ నిఘంటువు పేరు కూడా లర్డిల్‌లోనే ఉంది: ‘ఙకుల్ముఙన్ కంగ్క లేమన్’.

ఆ పేరులో మొదటి అక్షరం చూశారా? ‘ఙ’. మన వర్ణమాలలో బలపం పట్టిన రోజున దిద్ది, ఆ తరవాత దాదాపు మరిచిపోయే అక్షరం. ఈ భాషల్లో మాటలు దానితోనే మొదలవుతాయి. కయార్డిల్డ్‌లో ‘నేను’ అంటే ‘ఙద’.

పట్టిక పక్కన పెట్టి, నికొలస్ ఎవాన్స్ రాసిన ‘ఎ గ్రామర్ ఆఫ్ కయార్డిల్డ్’ చేతికి తీసుకుంటే లోకం మారుతుంది. 1995లో వెలువడిన ఈ గ్రంథం ఎనిమిది వందల పేజీలకు పైమాటే. ఎవాన్స్ 1980ల మొదట్లో మార్నింగ్టన్ దీవికి వెళ్ళి, తరలింపులో అక్కడికి చేరిన బెంటింక్ పెద్దల దగ్గర భాష నేర్చుకున్నారు. అప్పటికే మాట్లాడేవారు కొద్దిమంది. అసలు ఈ భాష ఏ కాలంలోనూ సుమారు 150 మందికి మించిన భాష కాదంటారు. మన ఊళ్ళలో ఒక చిన్న వీధి జనాభా.

ఆ వీధి జనాభా ఎటువంటి వ్యాకరణాన్ని నిర్మించుకుందో ఒకసారి చేతితో చేసి చూద్దాం. కాగితం మీద ఈ వాక్యం రాయండి: ‘ఆమె ఆ మనిషి వలతో చేప పట్టింది.’ తెలుగులో ‘తో’ ఎక్కడుంది? ‘వల’ దగ్గర ఒక్కచోటే. ‘మనిషి’ దగ్గర లేదు. కయార్డిల్డ్‌లో వల ఎవరిదో చెప్పే మాటకు కూడా ‘తో’ అంటాలి. ‘దంగ్క’ మనిషి, ‘దంగ్కకర్ర’ మనిషి యొక్క, ‘దంగ్కకర్రఙుని’ మనిషి యొక్క-తో. షష్ఠి మీద తృతీయ ఎక్కింది. ఇంతవరకూ మనం సర్దుకోగలం.

ఇప్పుడు ‘పట్టింది’ అన్న క్రియ చూడండి. అది భూతకాలం. తెలుగులో కాలం చెప్పడం క్రియ పని. కయార్డిల్డ్‌లో క్రియతో పాటు నామవాచకాలు కూడా ఆ భారం మోస్తాయి. చేప ‘యకురి’. చేపను చూశాను అంటే ఆ చేప ‘యకురిన’. చూస్తాను అంటే అదే చేప ‘యకురివు’. నిన్నటి చేపకూ రేపటి చేపకూ విభక్తి వేరు. కాబట్టి మన వాక్యంలో చేప, వల, మనిషి, మూడింటికీ భూతకాలపు విభక్తి చేరుతుంది. అక్కడితో ఆగలేదు. ఆమె చేప పట్టడం వక్త కళ్ళారా చూడలేదు, తడి వల చూసి ‘పట్టి ఉంటుంది’ అని ఊహించాడు అనుకోండి. అప్పుడు వాక్యంలోని ప్రతి మాటకూ మరో ప్రత్యయం. ‘మనిషి’ అన్న మాట చివరికి ‘దంగ్కకర్రఙునినాంత’ అవుతుంది. వల ఎవరిది, పని దేనితో, ఎప్పుడు, వక్తకు ఎలా తెలిసింది: ఈ నాలుగు కబుర్లూ ఆ ఒక్క మాట మీదే వరుసగా ఉన్నాయి.

మనకూ ‘ఇంట్లోంచి’ ఉంది కదా, ‘లో’ మీద ‘నుంచి’ ఎక్కింది కదా అని మీరు అనవచ్చు. మంచి ప్రశ్నే. కాని ‘ఇంట్లోంచి’లో ఆ రెండూ కలిసి ఒకే సంగతి, చోటును గురించిన సంగతి, చెబుతున్నాయి. దంగ్కకర్రఙునినాంతలో ఒక్కో ప్రత్యయం వాక్యంలోని ఒక్కో అంతస్తుకు జవాబుదారీ. మొదటిది వలకు, రెండోది పట్టడానికి, మూడోది కాలానికి, నాలుగోది మొత్తం వాక్యం వెనక ఉన్న వక్త మనసుకు.

ఎవాన్స్ గ్రంథంలో నాకు అన్నిటికన్నా నచ్చేది ఈ వింతను ప్రదర్శించి ఊరుకోకపోవడం. ఇది ఎలా పుట్టిందో వివరించే ప్రయత్నం చేస్తారు. మన ఇళ్ళలో వినపడే మాటతో దాన్ని చెబుతాను. ‘ఆ చెంబు ఇలా ఇస్తే…’ అంటారు పెద్దవాళ్ళు. ఇది ఉపవాక్యం. ‘చేతులు కడుక్కుంటాను’ అన్న ప్రధానవాక్యం పైకి రాదు, రానక్కర్లేదు. వాడగా వాడగా ‘ఇస్తే’ అన్నదే మర్యాదైన అభ్యర్థన అయి కూర్చుంది. కయార్డిల్డ్ పూర్వరూపంలోనూ ఉపవాక్యం మొత్తానికి ఒక విభక్తి తగిలేది. అది అందులోని మాటలన్నిటికీ పాకేది. క్రమంగా ప్రధానవాక్యం రాలిపోయి ఉపవాక్యమే స్వతంత్రంగా నిలిచింది. పాకిన విభక్తి మాత్రం మాటల మీదే ఉండిపోయి, కాలాన్నీ ఊహనూ చెప్పే పనికి కుదిరింది. ఉపవాక్యాలు ఇలా స్వతంత్రించే తీరుకు ఎవాన్స్ పెట్టిన పేరు ఇప్పుడు అనేక భాషల పరిశోధనలో వాడుకలోకి వచ్చింది.

ఈ వివరణకు సాక్ష్యం కయార్డిల్డ్‌లో మాత్రమే దొరకదు. పెద్దభూమి మీది యుకుల్త పాత వాక్యనిర్మాణాన్ని ఎక్కువగా నిలుపుకుంది. శాండ్రా కీన్ రాసిన యుకుల్త వ్యాకరణం 1983లో అచ్చయింది. అదే లేకపోతే, దీవుల భాషల్లో వచ్చిన మార్పు ఏ దిక్కుగా నడిచిందో చెప్పడానికి ఆధారం చాలా పలుచబడేది. చిన్న కుటుంబంలో ఒక్క భాష నమోదు కాకపోతే దాని చెల్లెళ్ళ చరిత్ర కూడా చదవరాకుండా పోతుంది. యంగ్కాల్ విషయంలో జరిగింది అదే. దాని గురించి మిగిలిన రాత అతి స్వల్పం. అందువల్ల లర్డిల్‌కూ కయార్డిల్డ్‌కూ నడుమ ఉండవలసిన మెట్టు ఒకటి మనకు లేదు.

ఎవాన్స్ గ్రంథానికి మరో బలం ఉంది. వ్యాకరణం మొదలుపెట్టే ముందే ఆ ప్రజల చరిత్ర, వారి దీవి, వారి తరలింపు వస్తాయి. ఉదాహరణ వాక్యాల్లో తాబేళ్ళు, చేపలు, ఈటెలు, వలలు, బంధువులు కనిపిస్తారు. చివర వారు చెప్పిన కథనాలు ఉన్నాయి. మన దగ్గర భద్రిరాజు కృష్ణమూర్తి 1969లో కొండ భాష, అంటే కూబి, మీద ప్రచురించిన గ్రంథం కూడా కథనాలు, వ్యాకరణం, పదకోశం మూడూ కలిపి ఇచ్చిన పద్ధతిదే. కథనం ఎందుకంత ముఖ్యం? పరిశోధకుడి సూత్రం తప్పయితే దాన్ని పట్టుకునే వీలు కథనంలోనే ఉంటుంది. ‘ఈ వాక్యం సరేనా?’ అని అడిగి రాబట్టిన ఉదాహరణ సూత్రానికి తగ్గట్టే ఉంటుంది. ఎవరో తన కోసం తాను చెప్పుకుపోయిన మాటలో సూత్రం ఊహించనివి దొర్లుతాయి.

దీనికి రుజువు ఎరిక్ రౌండ్ పుస్తకం. 2013లో ఆయన కయార్డిల్డ్ పదనిర్మాణాన్ని తిరిగి విశ్లేషించారు. తాను స్వయంగా సేకరించిన సామగ్రితో పాటు ఎవాన్స్ ఇచ్చిన సామగ్రినీ పరిశీలించి, అనేక చోట్ల ఎవాన్స్‌తో విభేదించారు. ఎవరిది సరైనదన్నది ఈ పాఠం పరిధి దాటిన విషయం. నాకు ముఖ్యమైనది, విభేదించగలగడం. వ్యాకరణ గ్రంథాన్ని తూచడానికి నేను వాడే తూకపురాయి ఇది: రాసినవాడి సిద్ధాంతం పాతబడ్డాక కూడా, అతనితో వాదించడానికి సరిపడా ఆ భాష మాటలు అతని పుస్తకంలో మిగిలాయా? ఎవాన్స్ గ్రంథం ఈ తూకానికి నిలుస్తుంది. పాఠ్యపుస్తకాల లర్డిల్ పట్టిక నిలవదు.

లోపమే లేదని అనను. ఎనిమిది వందల పేజీల ఈ గ్రంథం భాషాశాస్త్రవేత్తల కోసం, వారి పరిభాషలో రాసినది. బెంటింక్ పెద్దల మనవడు తాత మాట వెతుక్కోవాలంటే దీన్ని దాటడం కష్టం. 1992లో ఎవాన్స్ విడిగా తెచ్చిన కయార్డిల్డ్ నిఘంటువు ఆ లోటును కొంత తీరుస్తుంది. అయినా పుస్తకంలో ఏముండాలన్న నిర్ణయంలో భాషాశాస్త్రానికి ఆసక్తి ఉన్నది ముందు, అక్కడివారికి కావలసింది తరవాత అన్న వరస కనిపిస్తూనే ఉంటుంది.

ఆ వరస ఎంత నష్టం చేస్తుందో దమిన్ చెబుతుంది. లర్డిల్ పురుషుల దీక్షలో రెండో దశ దాటినవారు నేర్చుకునే ప్రత్యేక భాష దమిన్. దాని గురించి ఎక్కడ చదివినా ముందు క్లిక్ ధ్వనుల మాటే వస్తుంది. ఎడ్లను అదిలిస్తూ, జాలిపడుతూ మనమూ నాలుకతో అటువంటి చప్పుళ్ళు చేస్తాం. కాని వాటితో మాటలు కట్టం. ఆఫ్రికా వెలుపల అటువంటి ధ్వనులతో మాటలు కట్టింది దమిన్ ఒక్కటేనని ఆశ్చర్యపోతారు, అక్కడితో పుట తిప్పేస్తారు. అసలు ఆశ్చర్యం అర్థంలో ఉంది. లర్డిల్ ప్రత్యయాలు అలాగే ఉంచి, మాటలన్నిటి స్థానంలో రెండు మూడు వందలకు మించని దమిన్ మాటలు పెట్టి, దేన్నైనా చెప్పగలిగేవారు. లర్డిల్ సర్వనామాలు మాట్లాడుకునే ఇద్దరూ అన్నదమ్ములో తాతామనవలో అయితే ఒకటి, తండ్రీకొడుకులైతే మరొకటి అన్నంత సూక్ష్మమైనవి. దమిన్ వాటన్నిటినీ రెండింటికి కుదించింది: నేనున్న వైపు, నేను లేని వైపు. లోకాన్ని అంత తక్కువ గదుల్లో సర్దడానికి ఎవరో పెద్దలు అర్థాల మీద ఎంత కసరత్తు చేసి ఉండాలి! దీక్షలు మిషన్ కాలంలో ఆగిపోయాయి. దీక్షతో పాటే నేర్పడమూ ఆగింది. క్లిక్కుల పట్టిక బాగానే దొరుకుతుంది. ఏ మాట ఎంత దూరం వరకు అర్థమిచ్చేదో తేల్చే సంభాషణలు చాలవు.

చివరగా, చోటు పేర్ల సంగతి. శాలీ గాబోరి అనే కయార్డిల్డ్ మహిళ బెంటింక్ దీవిలో పుట్టి, 1948 తరలింపులో మార్నింగ్టన్‌కు వచ్చింది. 2005లో, ఎనభయ్యో పడికి దగ్గరలో, మొదటిసారి కుంచె పట్టింది. 2015లో కన్నుమూసేలోగా పెద్ద పెద్ద కాన్వాసుల మీద వందల చిత్రాలు వేసింది. వాటిలో చాలా చిత్రాలకు పేర్లు ఆమె దీవిలోని చోట్ల పేర్లే: తండ్రి చోటు, భర్త చోటు, తాను పుట్టిన చోటు. 2016లో బ్రిస్బేన్‌లో ఆమె చిత్రాల ప్రదర్శన పేరు ‘దుల్క వార్ంగీద్’, అందరి నేల. 2022లో పారిస్‌లో మరో ప్రదర్శన జరిగింది. ఆ గోడల మీది చీటీల్లో ఆమె పూర్తి పేరు ఉంటుంది: మిర్డిడింగ్కిఙతి జువర్ండ శాలీ గాబోరి. జువర్ండ ఆమె కులచిహ్నమైన డాల్ఫిన్. ముందున్న మాటను మీరు ఇప్పుడు విడదీయగలరు. మిర్డిడింగ్కి బెంటింక్ దీవి మీద ఒక వాగు దగ్గరి చోటు. ‘-ఙతి’ ప్రత్యయం, ‘అక్కడ పుట్టినది’ అని అర్థం. ఎవాన్స్ వ్యాకరణంలో అది ప్రత్యయాల మధ్య ఒకటిగా ఉంటుంది, మీ గ్రంథాలయంలో ఆ పుస్తకం దొరికితే ముందు ఆ పుట తెరవండి.